ఏ ఇంట ఎన్ని రాత్రులు

జనవరి ముగిసేసరికి అమెరికాలో జీతగాళ్లకు ఏడాది జీతమూ కోసుకున్న పన్నూ చూపే డబ్ల్యూ-2 కాగితాలు చేరతాయి. అక్కడి నుంచి ఏప్రిల్ 15 దాకా పన్నుల కాలం. చాలా ఇళ్లలో అది ఒక శనివారం మధ్యాహ్నం తెమిలిపోయే పని. అంకెలు నింపి, రిఫండ్ ఎంతొస్తుందో చూసుకుని, సంతోషించో నిట్టూర్చో లేచిపోతారు. విడిపోయి వేర్వేరు ఇళ్లలో ఉంటున్న తల్లిదండ్రులకు మాత్రం ఈ రెండున్నర నెలలూ ఒకే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. ఈ ఏడు పాప పేరు ఎవరి రిటర్న్‌లో రాయాలి?

ప్రశ్న చిన్నదే గానీ దాని వెనకున్న డబ్బు చిన్నది కాదు. పదిహేడేళ్లు నిండని ఒక్కో బిడ్డకు 2025 పన్ను సంవత్సరంలో 2,200 డాలర్ల దాకా చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ ఉంది. ఇది ఆదాయంలోంచి తీసివేసే మినహాయింపు కాదు, కట్టవలసిన పన్నులోంచే నేరుగా తగ్గే మొత్తం. 1997లో క్లింటన్ ప్రభుత్వం చట్టం చేయగా, మరుసటి ఏడాది 400 డాలర్లతో మొదలైంది. 2001 చట్టం దాన్ని వెయ్యికి పెంచే దారి వేసింది, 2018లో రెండు వేలయింది, ఇప్పుడు మరో రెండు వందలు కలిశాయి. ఒంటరిగా రిటర్న్ వేసేవారి ఆదాయం రెండు లక్షల డాలర్లు దాటితే కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది. డబ్బు సంగతి ఒక్కటే అయితే ఎలాగోలా తేల్చుకోవచ్చు. బిడ్డ నాది అని ప్రభుత్వ కాగితం మీద రాసుకునే తృప్తి కూడా రిటర్న్‌లో పేరు రాసే ఆ గడిలో ఇమిడి ఉంది. అందుకే ఇల్లు పంచుకున్నప్పుడు, కారు పంచుకున్నప్పుడు నోరెత్తని వాళ్లు కూడా ఈ గడి దగ్గర పట్టుబట్టి కూర్చుంటారు.

ఈ తగువుకు అమెరికా పన్ను చట్టం చెప్పే తీర్పు వినడానికి వింతగా ఉంటుంది. బిడ్డ మీద ఎవరికి ఎక్కువ ప్రాణమని అది అడగదు. బడి ఖర్చులు ఎవరు పెట్టుకుంటున్నారు, వైద్యం ఎవరు చేయిస్తున్నారు అని కూడా ముందుగా అడగదు. ఏడాదిలో బిడ్డ ఏ ఇంట ఎన్ని రాత్రులు పడుకుంది అని మాత్రమే అడుగుతుంది. ఎక్కువ రాత్రులు ఎవరింట గడిస్తే క్రెడిట్ మీద మొదటి హక్కు వాళ్లది.

రాత్రులు లెక్కపెట్టే నియమాల్లోకి వెళ్తే, వాటిని రాసినవాళ్లు సంసారాలు చూసినవాళ్లే అనిపిస్తుంది. తండ్రి ఆఫీసు పనిమీద వేరే ఊరు వెళ్లినా, బిడ్డ ఆయన ఇంట్లో నానమ్మ పక్కన పడుకుంటే ఆ రాత్రి తండ్రి ఖాతాలోకే వస్తుంది. తల్లి బిడ్డను వెంటబెట్టుకుని ప్రయాణంలో ఉంటే, ఏ హోటల్లో నిద్రపోయినా ఆ రాత్రి తల్లిదే. వేసవి సెలవులకు పిల్లవాణ్ణి కరీంనగర్‌లోనో తెనాలిలోనో అమ్మమ్మ దగ్గరికి పంపితే? అప్పుడు ఇద్దరిలో ఎవరింటా లేడు. ఊరికి వెళ్లకపోతే ఆ రాత్రి ఎవరి దగ్గర ఉండవలసి ఉందో వాళ్లకే అది జమవుతుంది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు తల్లి అయితే, రాత్రుల లెక్క ఆమెకు అన్యాయం చేస్తుందని గ్రహించి, అలాంటివారికి పగళ్లు లెక్కపెట్టమన్నారు. డిసెంబర్ 31 రాత్రి ఏ ఏడాదిది అన్న సందేహాన్ని కూడా వదల్లేదు. రాత్రి మొదలైన సంవత్సరానిదే.

మామూలు ఏడాదికి 365 రాత్రులు. బేసి సంఖ్య కాబట్టి వారం నీ దగ్గర, వారం నా దగ్గర అని ఎంత సమానంగా పంచుకున్నా చివరికి ఒకరికి 183, ఒకరికి 182. తగువు దానంతటదే తెగిపోతుంది. లీపు సంవత్సరంలో మాత్రం 183, 183గా సరిసమానమయ్యే వీలుంది. 2024లో ఆ వీలు వచ్చింది, 2028లో మళ్లీ వస్తుంది. అలా సమానమైతే ఇద్దరిలో ఆదాయం ఎక్కువున్నవారికి క్రెడిట్ ఇవ్వమంటుంది చట్టం. ఇది మనసుకు ఎక్కదు. బిడ్డను సరిసమానంగా చూసుకున్న ఇద్దరిలో తక్కువ సంపాదించేవారు ఓడిపోవడం ఏమిటి? ఏదో ఒక కొలబద్ద కావాలి కాబట్టి పెట్టారంటే సరే, తక్కువ ఆదాయం కొలబద్దగా పెట్టినా పని జరిగేది.

రాత్రుల లెక్క మొదటి నుంచీ లేదు. ఈ క్రెడిట్ రాకముందు బిడ్డ పేరిట వచ్చే మినహాయింపు కోసం తగువు పడేవారు, 1984లో చట్టం మార్చేదాకా అందులో బిడ్డ ఖర్చులో ఎవరి వాటా ఎంత అన్నది కూడా లెక్కలోకి వచ్చేది. తల్లి ఒక సంచీ నిండా రసీదులు తెచ్చేది, తండ్రి చెక్కుల కట్ట తెచ్చేవాడు. బిడ్డ బూట్ల ఖరీదు, పళ్ల డాక్టరు బిల్లు, ఇంటద్దెలో బిడ్డ వాటా అన్నీ అధికారుల బల్ల మీద పరచవలసి వచ్చేది. ఆ తగువుల మధ్య నిలబడలేకనే ఖర్చును వదిలేసి, బిడ్డ ఎవరి దగ్గర ఉంటోందో చూడమన్నారు. మన దేశంలో 1961 ఆదాయపు పన్ను చట్టం మాత్రం పోషణ వైపు మొగ్గింది. మైనర్ పేరిట ఆదాయం ఉంటే, తల్లిదండ్రుల వివాహబంధం తెగిపోయినప్పుడు, ఆ ఏడు బిడ్డను ఎవరు పోషించారో వారి ఆదాయంలో దాన్ని కలపమంది. ఇక్కడి నియమం పన్ను వేయడానికి, అక్కడిది పన్ను తగ్గించడానికి. పోషించినందుకు ఇక్కడ భారం పెరుగుతుంది, దగ్గర పడుకోబెట్టుకున్నందుకు అక్కడ భారం తగ్గుతుంది.

రాత్రుల లెక్క మొరటుదే. కానీ ఆ మొరటుతనంలో ఒక మర్యాద ఉంది. ప్రేమను తూకం వేయబోదు. ఒకరి ఖర్చులు మరొకరు తవ్వి చూపించనక్కర్లేదు. క్యాలెండర్ ఉంటే చాలు. అయితే దాని దుష్ఫలితమూ కనిపిస్తోంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో బిడ్డ పోషణకు ఒకరు మరొకరికి ఇచ్చే మొత్తం కూడా రాత్రుల సంఖ్యను బట్టి మారుతుంది. అంటే ఒక్కో రాత్రికీ రెండు ధరలు పడ్డాయి. శుక్రవారం రాత్రి నాన్న ఇంటికి కుక్కపిల్ల వచ్చిందని, ఇంకో రోజు ఉంటానని పిల్ల మారాం చేస్తే, అమ్మ ఒప్పుకునే ముందు క్యాలెండర్ చూసుకుంటుంది. ఆ చూపు పిల్లలకు తెలియదని పెద్దలు అనుకుంటారు. పిల్లలకు అన్నీ తెలుస్తాయి.

చట్టం లెక్క తేల్చి ఊరుకోలేదు, ఒక సంతకానికి చోటు వదిలింది. ఎక్కువ రాత్రులు బిడ్డను ఉంచుకున్నవారు 8332 అనే ఫారం మీద సంతకం చేస్తే, ఆ క్రెడిట్‌ను అవతలివారు తీసుకోవచ్చు. ఆ కాగితాన్ని తీసుకున్నవారు తమ రిటర్న్‌కు జతచేయాలి. విడాకులే అయి ఉండనక్కర్లేదు. ఏడాదిలో చివరి ఆరు నెలలూ వేర్వేరుగా ఉన్నా చాలు, అసలు పెళ్లే కాని తల్లిదండ్రులకైనా వర్తిస్తుంది. విడాకుల ఉత్తర్వులో ‘సరి సంవత్సరాలు తండ్రికి, బేసి సంవత్సరాలు తల్లికి’ అని జడ్జిగారు రాసినంత మాత్రాన పన్నుల శాఖకు సరిపోదు. 2008 తర్వాత వచ్చిన ఉత్తర్వుల్లోని పేజీలను ఈ ఫారానికి బదులుగా అది ఒప్పుకోదు. కోర్టు మాట తప్పినందుకు మళ్లీ కోర్టుకే వెళ్లాలి, పన్నుల శాఖ దగ్గర మాత్రం ఫారమే చెల్లుతుంది. ఇది తెలియక, ఉత్తర్వు చేతిలో ఉంది కదా అన్న ధీమాతో పేరు రాసేసి తరువాత చిక్కుల్లో పడేవారున్నారు.

ఆ సంతకంతో ఏమేమి చేతులు మారతాయో కూడా చాలామందికి తెలియదు. మారేది చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్, దాంతోపాటు పదిహేడు నిండిన పిల్లలకిచ్చే 500 డాలర్ల చిన్న క్రెడిట్ మాత్రమే. తక్కువ సంపాదన ఉన్నవారికి దొరికే ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్, డేకేర్ ఖర్చుల మీద వచ్చే క్రెడిట్, కుటుంబ పెద్దగా రిటర్న్ వేసే వెసులుబాటు ఇవన్నీ బిడ్డ నిజంగా ఎవరి దగ్గర ఉంటే వారివే. వాటిని సంతకం పెట్టి ఇవ్వడానికీ లేదు, అడగడానికీ లేదు. ‘పాపను వదులుకుంటే నాకు ఇంకేం మిగలదు’ అని భయపడే తల్లికి ఈ ఒక్క సంగతి చెబితే సగం తగువు సర్దుకుంటుంది. ‘ఫారం వచ్చింది కదా, ఇక అన్నీ నావే’ అనుకునే తండ్రికీ ఇదే చెప్పాలి.

మన తెలుగు కుటుంబాల దగ్గరికి వస్తే ఈ లెక్క మరో మలుపు తిరుగుతుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద భర్త, అతని మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద భార్య. ఆమెకు చదువుంది, ఇక్కడ ఉద్యోగం చేసిన అనుభవమూ ఉంది. అక్కడ పనిచేయడానికి అనుమతి లేదు. 2015 నుంచి కొందరు హెచ్-4 వారికి పని అనుమతి దొరుకుతోంది గానీ, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే. విడాకులయితే హెచ్-4 హోదానే పోతుంది. అందుకని కాగితాల మీద దంపతులుగానే ఉండి వేరే అపార్ట్‌మెంట్లో బిడ్డతో బతుకుతున్న ఆడవాళ్లున్నారు. రాత్రులన్నీ ఆమెవే. క్రెడిట్ మీద హక్కూ చట్టం ప్రకారం ఆమెదే. కానీ ఆదాయం లేనప్పుడు తగ్గించుకోవడానికి పన్నే లేదు. పన్ను లేకపోయినా నగదుగా చేతికి వచ్చే భాగం బిడ్డకు 1,700 డాలర్ల దాకా ఉన్నా, అది సంపాదన 2,500 డాలర్లు దాటితేనే మొదలవుతుంది. దాటిన మొత్తంలో 15 శాతం చొప్పున పెరుగుతుంది. సున్నా సంపాదన మీద వచ్చేది సున్నాయే. పైగా ఆమెకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేక, పన్నుల కోసం ఇచ్చే ఐటీఐఎన్ మాత్రమే ఉంటే, 2025 నుంచి ఈ క్రెడిట్ అడగడానికే వీల్లేదు. మొన్నటిదాకా బిడ్డకు సోషల్ సెక్యూరిటీ నంబరుంటే చాలు, ఇప్పుడు అడిగేవారికీ ఉండాలి. అమెరికాలో పుట్టిన బిడ్డకు నంబరుంది. ఇండియాలో పుట్టి అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లిన అక్కకు లేదు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో చిన్నదానికి 2,200, పెద్దదానికి 500. ఈ తేడాను ఏ తల్లి పిల్లలకు వివరించగలదు?

ఇలాంటి ఇంట్లో ఇద్దరూ ఉమ్మడి రిటర్న్ వేయకుండా, 8332 మీద ఆమె సంతకమూ పెట్టకపోతే ఆ 2,200 డాలర్లు ఇద్దరిలో ఎవరికీ రావు, ప్రభుత్వం దగ్గరే ఉండిపోతాయి. పెడితే ఆ మొత్తం అతని పన్నులో తగ్గుతుంది. కాబట్టి పెట్టడమే తెలివైన పని. పెట్టేముందు అడగవలసింది కూడా ఉంది. ఆ డబ్బులో బిడ్డకు ఎంత చేరుతుంది? స్కూలు యూనిఫాంకా, పళ్ల క్లిప్పులకా, వేసవి క్యాంపుకా? ఒప్పందంలో ఈ మాట రాయించుకోవడం అత్యాశ కాదు. మన ఆడపిల్లల్లో చాలామంది అడగరు. కాపురం ఉన్నన్నాళ్లూ రిటర్న్ సంగతి భర్తే చూసుకున్నాడు. రిటర్న్ తయారుచేసేది తెలిసిన సీపీఏ ఒకాయన, భర్త ఊరివాడు. చూపించిన చోట సంతకం పెట్టడమే ఆమె ఎరిగింది. ఉమ్మడి రిటర్న్ మీద సంతకం చేస్తే అందులోని తప్పులకూ, బాకీలకూ తానూ పూర్తిగా బాధ్యురాలినేనని, రిఫండ్ ఏ ఖాతాలో పడుతుందో అడగవచ్చని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. విడిపోయిన సంగతే బంధువులకు తెలియకుండా దాచుకునే ఇళ్లలో, పన్ను సంగతి నోరు విప్పి ఎవరిని అడుగుతారు? సంక్రాంతికి అందరూ కలిసే చోట విడాకుల మాట రాదు, ఈ ఫారం మాట ఎలా వస్తుంది?

ఆ ఫారంలో మొదటి భాగం ఈ ఏడాదికి, రెండో భాగం రాబోయే సంవత్సరాలకు. రెండో భాగంలో ‘ఇక మీదట అన్ని సంవత్సరాలకూ’ అని రాయడానికి వీలుంది. రాయకపోవడమే మంచిది. మనుషుల పరిస్థితి మారుతుంది. ఆమెకు రేపు ఉద్యోగం దొరకవచ్చు, బిడ్డ అతని దగ్గరికే మారవచ్చు, ఇచ్చే పోషణ డబ్బు ఆగిపోవచ్చు. ఇచ్చిన మాటను మూడో భాగం ద్వారా వెనక్కి తీసుకునే వీలున్నా, అది తెలియజేసిన మరుసటి ఏడాది నుంచే అమల్లోకి వస్తుంది. ఏ ఏడాదికి ఆ ఏడాది సంతకం పెట్టడం కొంత చిరాకే. ప్రతి శీతాకాలంలోనూ విడిపోయిన మనిషికి మెయిల్ రాయాలి. రాయనివ్వండి. బిడ్డ గురించి ఏటా ఒకసారైనా ఇద్దరూ అంకెలు ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకోవడం చెడ్డ అలవాటు కాదు.

మాట్లాడుకోకపోతే ఏమవుతుంది? ఇద్దరూ బిడ్డ పేరు రాస్తారు. ముందు ఎవరు పంపితే వారి రిటర్న్ వెళ్లిపోతుంది, రెండోవారిది కంప్యూటర్ తిప్పి పంపుతుంది. విడిపోయినవాళ్లలో కొందరు జనవరి చివరి వారంలోనే ఉరుకులు పరుగుల మీద రిటర్న్ వేయడానికి కారణం ఇదే. ఈ పందెం వల్ల ఒరిగేదేమీ లేదు. రెండోవారు కాగితం మీద తపాలాలో పంపవచ్చు. పన్నుల శాఖ ఇచ్చే ఐపీ పిన్ అనే రహస్య సంఖ్య ఉంటే 2024 పన్ను సంవత్సరపు రిటర్నుల నుంచి కంప్యూటర్‌లోనూ పంపవచ్చు. ఆ తరువాత ఇద్దరికీ సీపీ87ఏ అనే ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం ఎవరినీ తప్పు పట్టదు. ‘మీరు రాసిన బిడ్డ పేరునే మరొకరూ రాశారు, చూసుకోండి, మీది పొరపాటయితే సవరించుకోండి’ అంటుంది. ఎవరూ సవరించుకోకపోతే ఆడిట్. అప్పుడు బడి రికార్డులు, డాక్టరు ఉత్తరాలు, ఇంటి అద్దె కాగితాలు తెచ్చి బిడ్డ ఎక్కడ ఉంటోందో రుజువు చేయాలి. నియమాలను పట్టించుకోకుండా అడిగినట్టు తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఈ క్రెడిట్‌కు దూరం. బిడ్డ బాల్యంలో పదేళ్లంటే ఇంక మిగిలేదెంత?

ప్రభుత్వమే గందరగోళం చేసిన ఏడాది కూడా ఒకటుంది. 2021లో కరోనా సహాయం కింద క్రెడిట్‌ను ఆరేళ్లలోపు పిల్లలకు 3,600, ఆపై పిల్లలకు 3,000 డాలర్లు చేశారు. పదిహేడేళ్లవారినీ కలిపారు. సగం డబ్బును జూలై నుంచి డిసెంబర్ దాకా నెలనెలా బ్యాంకులో వేశారు. పేదపిల్లల ఇళ్లకు అది నిజంగా మేలు చేసింది. అయితే ఎవరి ఖాతాలో వేయాలో 2020 రిటర్న్ చూసి నిర్ణయించారు. ఏడాది విడిచి ఏడాది వంతులు వేసుకున్న తల్లిదండ్రుల ఇళ్లలో 2020 వంతు ఒకరిది, 2021 వంతు మరొకరిది. డబ్బేమో 2020 మనిషికి పడింది. ఆదాయం బాగా తక్కువగా ఉన్నవారిని మినహాయించి, తమ వంతు కాని ఏడాదిలో అందుకున్నవారు మరుసటి ఏప్రిల్లో తిరిగి కట్టవలసి వచ్చింది. వంతు ఉన్నవారు డబ్బు కోసం 2022 దాకా ఆగవలసి వచ్చింది. బాగానే సర్దుకున్న జంటలు కూడా ఆ ఏడు మళ్లీ మాటామాటా అనుకున్నాయి.

పక్కనున్న కెనడాలో ఇంత పట్టుదల లేదు. బిడ్డ ఇద్దరి దగ్గరా నూటికి నలభై నుంచి అరవై వంతుల కాలం గడిపితే, అక్కడి చైల్డ్ బెనిఫిట్‌ను చెరిసగం చేసి నెలనెలా ఇద్దరికీ ఇస్తారు. ఒక్కొక్కరి సగాన్ని వారి వారి ఆదాయాన్ని బట్టి లెక్కిస్తారు. అమెరికా ఒక బిడ్డ, ఒక రిటర్న్ అన్న నియమం వదలదు. ఇద్దరు పిల్లలున్నవారు కొందరు చెరొకరి పేరు రాసుకుని సర్దుకుంటారు. ఇది వినడానికి బాగుంటుంది గానీ, పెద్దవాడికి పదిహేడు నిండగానే ఆ పంపకం తలకిందులవుతుంది.

ఆ పదిహేడు దగ్గరే క్రెడిట్ కథ ముగుస్తుంది. డిసెంబర్ 31న పదిహేడు నిండినా ఆ ఏడంతా లేనట్టే. 2,200 కాస్తా 500 అవుతుంది. సరిగ్గా అప్పుడే కాలేజీ దరఖాస్తులు మొదలవుతాయి, చదువు ఖర్చులకు ప్రభుత్వ సహాయం కోసం ఫాఫ్సా ఫారం నింపాలి. అందులో విడిపోయిన తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం చూపించాలి? ఇదివరకు బిడ్డ ఎక్కువ కాలం ఎవరి దగ్గర ఉంటే వారిది అనేవారు. 2024–25 విద్యాసంవత్సరం నుంచి మార్చేశారు. బిడ్డ ఖర్చు ఎవరు ఎక్కువ పెట్టుకుంటే వారిదేనట. ఇన్నేళ్లూ రాత్రులు రాసిపెట్టుకున్న తల్లి, ఆ క్యాలెండర్లను పక్కనపెట్టి మళ్లీ రసీదులు వెతుక్కోవాలి.